పలకకు ముందే బొమ్మ

మన్యంలోని డుంబ్రిగుడ మండలంలో పసిపిల్లలకు మాటలు వచ్చేది ఒక భాషలో, చదువు మొదలయ్యేది మరో భాషలో. కొన్ని ఊళ్ళలో ఇంటి భాష కువి, కొన్నింటిలో కొండ భాష, ఇంకొన్నింటిలో ఆదివాసీ ఒడియా; బడిలో మాత్రం తెలుగు. ఇంట్లో వాదులాడి, అలిగి, కథ అడిగి చెప్పించుకునే మూడేళ్ళ బిడ్డ అంగన్‌వాడీ గడప దాటగానే నోరు మెదపదు. ఆ మౌనాన్ని మందబుద్ధిగా లెక్కగట్టడం అన్యాయం. ఈ పిల్లల చేతికి పలక కంటే ముందు తాము చేసుకున్న ఒక ఆటబొమ్మ, ఎదుట ఒక బొమ్మల పుస్తకం రావాలని, ఆ రెండూ జంటగా రావాలని నా వాదన.

పుస్తకం ఒక్కటే ఎందుకు చాలదు? 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం రెండు మూడేళ్ళ పిల్లల ఇళ్ళలో నెల రోజులు ఒక ప్రయోగం చేసింది. తల్లిదండ్రులు ఊరికే చదివేయకుండా, బొమ్మ చూపించి ‘ఏం చేస్తోంది?’ అని అడిగారు, బిడ్డ చెప్పినదానికి ఇంకో మాట కలుపుతూ పోయారు. ఆ పిల్లలు మాటల్లో మిగతావాళ్ళను దాటిపోయారు. పుస్తకం బలమంతా బిడ్డ చేత మాట్లాడించడంలోనే ఉందన్నమాట. అయితే తెలుగులో అడిగితే కువి బిడ్డ ఏం చెబుతుంది? అందుకే చేత్తో ఆడించే కోడిపుంజు బొమ్మ ఒకటి కావాలి. ఆ ఊరి మనిషి చేతిలో అది కువిలోనే అడుగుతుంది, కావాలని తప్పు చెబుతుంది. టీచరును దిద్దడానికి జంకే బిడ్డ కోడిపుంజును ఇట్టే దిద్దేస్తుంది.

ఈ పద్ధతి మన తోలుబొమ్మలాటలో ఎప్పటినుంచో ఉంది. రాముడు, రావణుడు పద్యం పాడుతుంటే జుట్టుపోలిగాడు, బంగారక్క మధ్యలో దూరి ఊరి మాటల్లో కథను జనం దగ్గరకు తెస్తారు. పైగా ఆంధ్రలోని అనేక బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుతూ తెరమీద తెలుగు పలికినవాళ్ళు. రెండు భాషల మధ్య బతకడం ఈ కళకు కొత్త కాదు.

పనితనం కూడా అక్కడి నుంచే నేర్చుకోవాలి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడతారు. వెలుతురు దూరేంత పలచనవుతుంది. రూపం గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులద్దుతారు. తెరమీద ఆ చిల్లులే నగలు. కాళ్ళూ చేతులూ విడి ముక్కలుగా కోసి దారం ముడులతో కలుపుతారు, చీల్చిన వెదురు బద్దను నిలువునా బిగిస్తారు. పసివాళ్ళకు ఇంత అక్కర్లేదు. అట్టముక్క, పెద్ద కన్ను, ఒక్క కీలు చాలు: కోడికి ముక్కో, కుక్కకు తోకో కదిలితే సరి. కత్తెర పెద్దల చేతిలో ఉండాలి. రంగు, దారం పిల్లల వంతు. అట్టలోంచి వెలుతురు రాదు కాబట్టి కిటికీలా కోసి వెలుతురు దూరే రంగు కాగితం అంటించాలి. తెల్లపంచె తెర, వెనక టార్చిలైటు. బొమ్మను తెరకు ఆనిస్తే అంచు పదునుగా కనిపిస్తుంది, దీపం వైపు జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. ఎందుకలా అని పిల్లలు అడిగి తీరతారు.

మైదానపు కళను కొండమీద రుద్దడం కాదా అని అడగవచ్చు. తయారైన రాముడి బొమ్మలు తెచ్చి పంచితే ఆ మాట నిజమే. తెచ్చుకోవలసింది కీలు, వెలుతురు. కథ మాత్రం ఇక్కడిదే కావాలి. వలిసె చేలు, చాపరాయి నీళ్ళు, వారపు సంత, ఎలుగుబంటి ఉండగా కథలకు కరువేమిటి? 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి కదా అంటారు. అది విలువైన పనే, కానీ వాచకం బడి ఈడు పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్ళకు అక్షరం లేని బొమ్మల పుస్తకం మేలు. దాన్ని ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు.

అక్షరాలు ఆలస్యమవుతాయన్న భయానికి ఆధారం తక్కువ. వీలున్నంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. ముడి వేసి, గీత వెంట రంగు నింపిన వేళ్ళే రేపు పెన్సిలు పట్టేది. ఇక సెల్‌ఫోనులో బొమ్మల కథలు బోలెడున్నాయి, నిజమే. అవి బిడ్డ జవాబు కోసం ఆగవు. ఆగి వినే మనిషి కావాలి, ఆ మనిషికి ఇంటి భాష రావాలి. కాబట్టి అంగన్‌వాడీకి ఖరీదైన ఆటవస్తువుల పెట్టె కొనేముందు, ఆ ఊరి అమ్మమ్మో మేనత్తో వారానికి రెండు పూటలు వచ్చి కూర్చునే ఏర్పాటు చేసి, వాళ్ళ శ్రమకు డబ్బివ్వాలి.