చెవినున్న భాష కంటికి

తమిళనాట మా రాజపాళయం రాజుల ఇళ్ళల్లో తెలుగు చెవిమీద బతికిన భాష. విజయనగర కాలంలో దక్షిణానికి తరలివచ్చామని పెద్దలు చెప్పుకునే మావాళ్ళు మాటను నిలుపుకున్నారు, లిపిని నిలుపుకోలేకపోయారు. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, వంటింట్లో తెలుగు. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ముప్ఫై దాటాక. అలాంటి ఊరి ఆడపిల్ల చూపును చెప్పే మాటల పుట్టుక మీద తెలుగు లిపిలో పుస్తకం రాసి, “ముందుమాట మీరే రాయాల తాతా” అని చేతిలో పెడితే చాలాసేపు అట్ట నిమురుతూ కూర్చున్నాను.

ఆమె పట్టుకున్నది చూడటానికి ఇంగ్లీషువాళ్ళు వాడే ‘సీ’ అన్న చిన్న మాట. వెంబడించడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువు దాని మూలమని చాలామంది పండితుల అభిప్రాయం. చూడటమంటే కంటితో వెంటపోవడమన్న మాట. సంస్కృతంలో ఆ ధాతువు తోబుట్టువు ‘సచ్’. సచివుడు అందులోంచి వచ్చినవాడే, రాజు వెంట నడిచేవాడు. 1949లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా మా ఊరివారు. మేము గర్వంగా చెప్పుకునే ఆ సచివ పదవికీ ఇంగ్లీషువాడి చూపుకూ చుట్టరికం ఉందని ఈ వయసులో ఒక చిన్నపిల్ల దగ్గర తెలుసుకున్నాను.

బిషప్పు పీఠాన్ని కూడా ఇంగ్లీషులో ‘సీ’ అనే అంటారు, అక్షరాలూ అవే. కానీ అది వేరే ఇంటి మాట. ఆసనాన్ని చెప్పే లాటిన్ పదం నుంచి వచ్చింది, మన సదస్సుకు బంధువు. పైరూపానికి మోసపోకుండా రెంటినీ విడదీసి చూపిన పేజీ నాకెంతో నచ్చింది. ‘విజన్’, ‘వైజ్’, ‘ఐడియా’, మన వేదం ఒకే ధాతువు పిల్లలని మరొకచోట చెప్పింది. ‘వాచ్’ అన్న మాట మెలకువగా ఉండటంలోంచి పుట్టిందట. మా ఊరి మిల్లుల్లో రాత్రి కాపలా కాసినవాళ్ళకు ఆ అర్థం ఒంటికే తెలుసు. ‘లుక్’ తొలి పుట్టుక తేలలేదు గనక తేలలేదనే రాసింది. ఆ నిజాయితీకి నా నమస్కారం.

పుస్తకానికి ప్రాణం మాత్రం చివరి అధ్యాయం. మన కన్ను, కను, కాంచు తమిళ కణ్, కాణ్‌లతో కలుస్తాయని మాకు వీధిలోనే తెలుసు. ‘చూడు’ సంగతే కొత్త. తమిళంలో ‘చూళ్’ అన్న పాత క్రియకు ఆలోచించడం అని ఒక అర్థం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశం ఆ మాటనూ మన ‘చూడు’నూ ఒక్కచోట చేర్చింది. మనం కళ్ళకిచ్చిన మాటను తమిళులు బుద్ధికిచ్చారన్న మాట! ఈ భాషల చుట్టరికం కథకూ మా ప్రాంతానికీ ఒక ముడి ఉంది. దక్షిణాది భాషలు ఒక కుటుంబమని 1816లో ఆధారాలతో చూపిన ఎల్లిస్ దొర 1819లో కన్నుమూసింది రామనాథపురంలో. మా ఊరు చాలాకాలం ఆ జిల్లాలోదే.

ఒక్క కొరత చెప్పాలి. ‘తిని చూడు’ అని మనమంటే తమిళులు ‘సాప్పిట్టుప్ పార్’ అంటారు. ప్రయత్నించమనే పని రెండు భాషల్లోనూ చూపుకే అప్పజెప్పాం. పెళ్ళిచూపులు, చూసీచూడనట్టు, పిల్లల్ని చూసుకోవడం, ఇలాంటి మన నోటి వాడుకలకు ఆమె రెండే పేజీలిచ్చింది. నేనైతే ఇరవై ఇచ్చేవాణ్ణి. అవి నిఘంటువుల్లోకంటే మా ముసలమ్మల నోళ్ళలోనే ఎక్కువగా ఉన్నాయి.

రాజపాళయం పిల్లలారా, ఈ పుస్తకాన్ని మీ అవ్వల పక్కన కూర్చుని పైకి చదవండి. “మనం అలా అనం, ఇలా అంటాం” అని అవ్వ దిద్దిన ప్రతి మాటనూ మార్జిన్‌లో తెలుగు అక్షరాల్లో రాసి ఈ అమ్మాయికి అందజేయండి. రెండో కూర్పు ఆ మాటలతో రావాలి.