ఉత్ప్రేరకము: ఒక నిర్వచనముపై విమర్శ

తాను మార్పు చెందక చర్యావేగమును మార్చు పదార్థము ఉత్ప్రేరకమని విద్యార్థులు తరతరములుగా కంఠస్థము చేయుచున్నారు. ఈ నిర్వచనము సుగమము. కాని సగమే సత్యము.

దీనికి సాధారణముగా చూపు ఉదాహరణము పొటాషియం క్లోరేటు, మాంగనీసు డైఆక్సైడుల మిశ్రమము. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతములు అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరొందినవి. అగ్గిపుల్ల తలలో ప్రాణవాయువు నిచ్చునది ఈ క్లోరేటే. మాంగనీసు డైఆక్సైడు కలిపి కాచినచో ప్రాణవాయువు తక్కువ వేడిమికే వెలువడును. డైఆక్సైడు తూకము తగ్గదు గాని, దాని ముతక పలుకులు మెత్తని పొడియగును. నిర్వచనమునకు చూపిన ఉదాహరణముననే రూపభేదము కలదన్నమాట.

ఇనుము విషయమున భేదము రూపముతో నిలువదు. 1920ల దశకమున జర్మనీలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అనువారు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వాయువులనుండి ద్రవ ఇంధనము చేయు పద్ధతిని కనుగొనిరి. దక్షిణాఫ్రికాలో ససోల్ సంస్థ 1955లో ఇనుమే ఉత్ప్రేరకముగా బొగ్గునుండి ఇట్టి ఇంధనమును తీయ నారంభించెను. ఈ పద్ధతికి తరచు మొదట తీసికొనునది ఎర్రని ఇనుప ఆక్సైడు. వేడి వాయువులు సోకగా అది నల్లని మాగ్నటైటగును; పిదప కర్బనమును గ్రహించి కార్బైడులగును. ఐదు ఇనుప పరమాణువులకు రెండు కర్బన పరమాణువులు గల హాగ్ కార్బైడు వానిలో ముఖ్యము. చర్యలో పుట్టు నీటియావిరి కొంత కార్బైడును మరల మాగ్నటైటు చేయును, పైపొరపై మసి పేరుకొనును, రేణువులు చిట్లును. ఇంధనము పుట్టించుటలో కార్బైడే చురుకైనదని పరిశోధకులు పెక్కురు తలచుచున్నారు. కావున పాత్రలో పోసిన పదార్థము వేరు, పనిచేయు పదార్థము వేరు.

దోషము నిర్వచనమునందే గాని పేరునందు లేదు. ఉత్ప్రేరకమనగా పురికొల్పునది. తమిళమున దీనిని వినైయూక్కి యందురు. క్రియకు ఊపునిచ్చునదని భావము. ఇంట తెలుగు, బడిలో తమిళము వినుచు పెరుగు కోవిల్‌పట్టి, విరుదునగర్ బాలలకు ఈ రెండు మాటలును సరియైన త్రోవయే చూపుచున్నవి. మార్పులేమిని ఏ మాటయు చెప్పలేదు. దానిని చేర్చినది నిర్వచనకర్తలు.

చర్యలో పాల్గొని, దాని వేగమును పెంచి, తాను చర్యకు ఖర్చుగాక మరల మరల పనిచేయునది ఉత్ప్రేరకమనుట మేలు. మారదని నేర్చిన విద్యార్థికి, కర్మాగారములలో ఉత్ప్రేరకము శక్తి తగ్గి ఏల మార్చవలసివచ్చుచున్నదను ప్రశ్నయే తోచదు. ప్రశ్నను పుట్టనీయని నిర్వచనము ఎంత సులభమైనను పాఠమునకు హానియే.