కాలరేఖలో తాళ్ళపాక అన్నమాచార్యులు: తేదీల నమోదు, అన్వయం

హెబ్బగోడిలో ఉండే మా పూర్వవిద్యార్థి ఒకాయన, వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తమ అపార్ట్‌మెంటులోని తెలుగు పిల్లల కోసం అన్నమాచార్యుల జీవిత కాలరేఖ ఒకటి తయారుచేసి నాకు చూపించాడు. చూడడానికి ముచ్చటగానే ఉంది. వేలితో పక్కకు నెడితే శతాబ్దాలు జరుగుతాయి. ఒక్కొక్క సంఘటన దగ్గర బొమ్మ, దాని కింద నాలుగు మాటలు. అయితే అందులో అన్నమయ్య 1408లో పుట్టి, 1424లో స్వామి సాక్షాత్కారం పొంది, అదే 1424లో పరమపదించాడు. "మాస్టారూ, పదహారేళ్ళకే పోయినవాడు అన్ని వేల పాటలు ఎట్లా రాశాడని మా అమ్మాయి అడిగింది. నేను వేసిన సంఖ్యలు మాత్రం పుస్తకంలో ఉన్నవే" అన్నాడు.

నిజమే, పుస్తకంలో ఉన్నవే. కాకపోతే ఒకటి క్రీస్తుశకం, రెండవది శాలివాహన శకం. సంకీర్తనారంభం క్రీ.శ. 1424, నిర్యాణం శక 1424, అనగా క్రీ.శ. 1503. ఒకే అంకె రెండు శకాలలో ఒకే వ్యక్తి రచనాజీవితానికి రెండు కొసల్లోనూ పడడం కాకతాళీయం. కార్యక్రమంలోని గడికి ఆ సంగతి తెలియదు. దాని మీద 'సంవత్సరం' అని మాత్రమే రాసి ఉంది.

ఈ పొరపాటును దిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. దిద్దుతున్నప్పుడు బయటపడిన మరికొన్ని సంగతులు మాత్రం అంత తేలికగా వదిలేవి కావు. మన సాహిత్య చరిత్రను యంత్రాలకు అప్పగించే పని ఇప్పుడు ఎందరో చేస్తున్నారు గనుక వాటిని ఇక్కడ చర్చించడం అవసరమనిపించింది.

ముందుగా ఆధారం సంగతి. అధ్యాత్మ సంకీర్తనల రాగి రేకులలో మొదటి రేకు మీద ఒక దీర్ఘవాక్యం ఉంది. దాని సారాంశం ఇది: శక 1346 క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులు అవతరించిన పదహారేళ్ళకు, స్వామి ప్రత్యక్షం కాగా, అది మొదలు దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆయన చెప్పిన సంకీర్తనలివి. ఇందులో జనన సంవత్సరం అంటూ విడిగా ఏదీ చెప్పలేదు. మనం 1408 అని రాసుకుంటున్న సంఖ్య ఈ వాక్యాన్ని అన్వయించి, 1424లో నుంచి 16 తీసివేసి రాబట్టినది. కొన్ని పుస్తకాలలో జనన సంవత్సరంగానే 1424 కనిపించడానికి కారణం కూడా ఈ వాక్యమే. 'క్రోధి సంవత్సరంలో' అన్న పదాన్ని దగ్గరలో ఉన్న 'అవతరించిన' అన్న క్రియాజన్య విశేషణంతో కలిపితే అది పుట్టిన సంవత్సరమవుతుంది. 'ప్రత్యక్షం కాగా' అన్నదానితో కలిపితే దర్శన సంవత్సరమవుతుంది.

నా అభిప్రాయంలో రెండవ అన్వయమే సరియైనది. 'అన్నమాచార్యులు అవతరించిన పదహారేళ్ళకు' అన్నంతా కలిసి ఒక కాలబోధక పదబంధం. 'ఇల్లు కట్టిన మూడేళ్ళకు అమ్మేశారు' అంటాం. 'పోయిన సంవత్సరం, ఇల్లు కట్టిన మూడేళ్ళకు, అమ్మేశారు' అన్నప్పుడు పోయిన సంవత్సరం కట్టారని ఏ తెలుగువాడూ అనుకోడు. '-కు' ప్రత్యయం చేరిన కాలవాచకం తనకు ముందున్న విశేషణాన్ని తనలోనే ముగించుకుంటుంది. బయటి సప్తమి దానిలోకి చొరబడదు. వాక్యం ప్రారంభ, సమాప్తి తేదీలు రెండూ సంకీర్తనలకే చెప్పదలచుకున్నదన్నది కూడా దీనికి బలం చేకూర్చే అంశం.

పదహారు నిండినవా, నడుస్తున్నవా అన్నది ఇంకొక చిక్కు. నిండినవైతే సర్వధారి, 1408. నడుస్తున్నవైతే విరోధి, 1409. సంప్రదాయం సర్వధారినే స్వీకరించింది. 2008లో తిరుమల తిరుపతి దేవస్థానం ఆరువందల జయంతి జరిపినప్పుడు అది కూడా సర్వధారే, ఎందుకంటే ఆరువందల ఏళ్ళంటే సరిగ్గా పది షష్టిపూర్తులు. జయంతి ఉత్సవాలు, రాబోయే పాఠ్యపుస్తకాలు, ఇప్పుడీ కాలరేఖలు అన్నీ ఒక '-కు' ప్రత్యయం అర్థం మీద నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని నైట్ ల్యాబ్ వారి టైమ్‌లైన్ జెఎస్ ఉచితంగా దొరుకుతుంది గనుక మా విద్యార్థి దానినే వాడాడు. ఒక పట్టికలో సంవత్సరం, నెల, రోజు, ముగింపు సంవత్సరం, శీర్షిక, వివరణ అని గడులుంటాయి. సంఘటనలను వర్గాలుగా విడదీయవచ్చు. ఒక సంఘటన తేదీ మరొక సంఘటన నుంచి వచ్చిందని చెప్పడానికి మాత్రం గడి లేదు. రాగిరేకు స్వయంగా చెప్పిన 1424, మనం లెక్కగట్టిన 1408 పక్కపక్కన ఒకే లావు గీతలతో, ఒకే ధైర్యంతో నిలబడతాయి. రేపెవరైనా 1409 అని వాదిస్తే ఏ సంఖ్యను ఎందుకు కదపాలో ఆ పట్టిక చెప్పదు.

ఇంతకంటె నాకు బాధ కలిగించినది సంవత్సర నామానికి గడి లేకపోవడం. మన శాసనకర్తలు శకసంఖ్య పక్కన క్రోధి, దుందుభి అని రాసింది అలంకారానికి కాదు. శకవర్షాలను గతమనీ వర్తమానమనీ రెండు విధాల లెక్కిస్తారు. 1346ను వర్తమానంగా తీసుకుంటే క్రీ.శ. 1423 వస్తుంది. క్రోధి అన్న పేరు ఉండబట్టే అది గతశకమనీ, 1424 అనీ స్థిరపడుతుంది. క్రెడిట్ కార్డు సంఖ్యలో చివరి అంకె తక్కినవాటిని సరిచూసినట్టు ఈ పేరు శకసంఖ్యను సరిచూస్తుంది. శక 1424ను క్రీ.శ. 1424గా వేసిన రోజున దుందుభి అన్న మాట కూడా పక్కన వేసి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేది, ఎందుకంటే క్రీ.శ. 1424 క్రోధి, దుందుభి కాదు. రాబర్ట్ సెవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ 1896లో, ఎల్.డి. స్వామికన్ను పిళ్ళె 1922లో ప్రచురించిన పట్టికలలో ఈ పేర్లకు చోటుంది. కాగితం చేసిన పని తెర చేయడం లేదు.

ఈ పేర్లు కూడా ప్రాంతాన్ని బట్టి చదవవలసినవే అన్నది హెబ్బగోడిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. హోసూరు రోడ్డు మీద తెలుగు, కన్నడ, తమిళ పంచాంగాలు ఒకే కొట్టులో వేలాడుతుంటాయి. 2024లో తెలుగు కన్నడ ఇళ్ళకు ఏప్రిల్ 9న క్రోధి వచ్చింది. తమిళుల ఇళ్ళకు 14న వచ్చింది. నడుమ అయిదు రోజులు ఒకే మెట్లకు అటూ ఇటూ ఉన్న రెండు వాటాలు రెండు సంవత్సరాలలో ఉన్నాయి.

'శకం లెక్క కంప్యూటరులోనే ఉంది గదా' అని కొందరంటారు. ఉన్నది 1957 మార్చి 22 నుంచి భారత ప్రభుత్వం అమలుచేసిన జాతీయ పంచాంగం. యూనికోడ్ వారి పంచాంగాలలో భారతీయం అన్న పేరుతో కనిపించేది అదే. అది సౌరమానం, తిథులు లేవు, అధికమాసం లేదు. ఫాల్గుణ బహుళ ద్వాదశి అంటే మాసంలో ఇరవై ఏడవ తిథి గదా అని శక 1424 ఫాల్గుణం 27 అని దానికిస్తే 1503 మార్చి 18 అంటుంది. పండితులు లెక్కించి చెప్పిన తేదీ ఫిబ్రవరి 23. ఈ ఫిబ్రవరి 23 కూడా జూలియన్ లెక్క. గ్రెగోరియన్‌కు మారిస్తే మార్చి 5 అవుతుంది. టైమ్‌లైన్ పట్టికలో మామూలుగా ఫిబ్రవరి 23 అని కొడితే యంత్రం దానిని గ్రెగోరియన్‌గా తీసుకుంటుంది, అంటే పదిరోజులు వెనక్కు పోతుంది. అప్పుడు అన్నమయ్య పౌర్ణమి దాటిన రెండు మూడు రోజులకే వెళ్ళిపోయినట్టు! ద్వాదశి నాడు ఆయన వర్ధంతి జరుపుకొనేవారికి ఇది చిన్న విషయం కాదు. వికీడేటాలో తేదీ పక్కన జూలియనో గ్రెగోరియనో చెప్పే వీలుండడం ఆ మేరకు మెచ్చదగినది.

అనిశ్చితిని ఎట్లా చూపాలన్నది పాత సమస్యే. జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1765లో ప్రచురించిన జీవితచరిత్రల పటంలో మనిషి ఆయుష్షును గీతగా గీసి, తెలియని కొసల దగ్గర చుక్కలు పెట్టాడు. తేదీల విస్తృత రూపం 2019లో అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. అందులో సందేహానికి ప్రశ్నార్థకం, ఉజ్జాయింపుకు వంకరగీత ఉన్నాయి. హెబ్బగోడికి ఎంతో దూరంలో లేని బేగూరు శాసనాన్ని, 'బెంగళూరు' పేరు కనిపించే ఆ వీరగల్లును, 'సుమారు 890' అని నమోదు చేయడానికి ఇది చాలు. అది లిపిని బట్టి వేసిన కాలం. ఎర్రగుడిపాడు శాసనపు 575 సంగతీ అంతే. అన్నమయ్య 1408కి మాత్రం ఇది చాలదు. అక్కడ సందేహం ఉజ్జాయింపు వల్ల పుట్టలేదు, వాక్యాన్వయం వల్ల పుట్టింది. ప్రశ్నార్థకం పెడితే సందేహముందని తెలుస్తుంది గాని ఏమి సందేహమో తెలియదు.

కొంతలో కొంత మేలనిపించినవి చరిత్రకారుల కోసం తయారుకానివే కావడం విచిత్రం. వంశవృక్షాల కోసం పుట్టిన గ్రాంప్స్‌లో తేదీకి 'ముందు', 'తరువాత', 'లెక్కగట్టినది', 'ఊహించినది' అన్న గుర్తులుంటాయి; ప్రతి సంఘటనకూ ఆధారం తగిలించవచ్చు. హీబ్రూ, ఇస్లామీయ, పారశీక పంచాంగాలున్నాయి. మన చాంద్రమానం లేదు. నవలాకారుల కోసం తయారైన ఏయాన్ టైమ్‌లైన్‌లో ఒక సంఘటనను మరొకదానికి ముడివేసి, మొదటిది కదిలితే రెండవది దానంతటది కదిలేటట్టు చేయవచ్చు. పాత్రల వయస్సూ అదే లెక్కగడుతుంది. 'జననం = దర్శనం – 16' అన్న సంబంధాన్ని నమోదు చేయగల పరికరం కల్పిత కథల వారి దగ్గర ఉందన్నమాట.

ఆ ముడి విలువ ఒక లెక్కతో తెలుస్తుంది. రోజుకొక సంకీర్తన చొప్పున 1424 నుంచి 1503 వరకు లెక్కిస్తే 29 వేలకు కాస్త తక్కువ. క్రోధిని జనన సంవత్సరం చేస్తే రచన 1440లో మొదలై 23 వేల దగ్గర ఆగుతుంది. మనుమడు చిన్నన్న ద్విపదలో చెప్పిన 32 వేలకు రెండూ తక్కువే అయినా, ఎంత తక్కువ అన్న ప్రశ్నకు జవాబు అన్వయాన్ని బట్టి ఆరువేలు మారుతున్నది.

మా విద్యార్థి ఇప్పుడు టైమ్‌లైన్ జెఎస్‌లోనే 'చూపవలసిన తేదీ' అన్న గడిని వాడుకుంటున్నాడు. అందులో తెలుగులో ఏమైనా రాయవచ్చు. యంత్రం లోపల 1503 మార్చి 5 అని ఉంటుంది. పిల్లలకు 'శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి' అని కనిపిస్తుంది. జననం దగ్గర 'సర్వధారి, రాగిరేకును బట్టి లెక్కగట్టినది' అని రాయించాను. చుక్కలు పెట్టడం దానికి చేతకాదట.