శివారు చేల దాకా

గోదావరి డెల్టాలో కాలువ ఎంత నిండుగా పారినా, శివారు చేలకు నీళ్లందడం లస్కరు చేతిలో పని. షట్టరు ఎప్పుడు ఎత్తాలో, ఎంత దించాలో అతనికి తెలియాలి. మెదడుకు ఇలాంటి లస్కరు వేరే లేడు. రక్తనాళం గోడే ఆ పని చూసుకుంటుంది.

ఒంటి బరువులో మెదడు నూటికి 2 పాళ్లే. గుండె తోసే రక్తంలో మాత్రం దాదాపు 15 పాళ్లు దానికి కావాలి. అంటే నిమిషానికి ముప్పావు లీటరు. పడుకున్నా, మెట్లెక్కినా, ఎవరి మీదైనా అరిచినా ఈ లెక్క పెద్దగా తప్పకూడదు.

తప్పకుండా చూసేది గోడ మధ్య పొర. అక్కడ కండర కణాలు నాళం చుట్టూ కట్టులా చుట్టుకుని ఉంటాయి. లోపల ఒత్తిడి పెరిగితే అవి సాగుతాయి. సాగగానే వాటిలోకి కాల్షియం చేరుతుంది, కండరం బిగుసుకుంటుంది, దారి సన్నబడుతుంది. ఒత్తిడి తగ్గితే వదులవుతుంది. నరాల ఆజ్ఞ కోసం ఆగే పనే లేదు. ఈ గుణాన్ని 1902లోనే విలియం బేలిస్ వర్ణించాడు. ఇందులో నాకు ముచ్చటేసేది పొదుపు: నాళం వ్యాసం పదో వంతు తగ్గితే చాలు, ప్రవాహం సుమారు మూడో వంతు పడిపోతుంది. రవ్వంత కదలికకు అంత ఫలితం!

బీపీ ఏళ్ల తరబడి దిగకపోతే ఈ పనితనమే ఎదురు తిరుగుతుంది. ఎప్పుడూ బిగిసే ఉండాల్సిన గోడ మందమెక్కుతుంది. పోనుపోను కండరం పోయి, ఆ చోట గాజులా నిగనిగలాడే పదార్థం చేరుతుంది. దానికి బిగియడమూ రాదు, సడలడమూ రాదు. మెదడు లోతుల్లోకి వెళ్లే నాళాలకు దెబ్బ ముందు తగులుతుంది. మిల్లీమీటరైనా లేని ఈ నాళాలు పెద్ద ధమని నుంచి దాదాపు లంబంగా చీలతాయి. ఒత్తిడి మెట్టుమెట్టుగా తగ్గే వీలు వాటికి లేదు. తెల్ల పదార్థానికి పోయే పొడవాటి నాళాలది ఇంకో కష్టం. అది అసలైన శివారు. ఒక దారి మూసుకుపోతే మరో దారి ఉండదు.

ఏళ్లుగా బీపీ ఉన్న మా పెద్దమ్మ మెదడు ఎమ్మారై ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూశాను. నడిమి గదుల అంచుల్లో తెల్లటి మచ్చలు, సున్నం చిందినట్టు. ఆవిడ ఎవరి పేరూ మరిచిపోలేదు. పాలవాడికి చిల్లర ఇచ్చేటప్పుడే ఆలస్యం. "ఆగరా, లెక్కేస్తున్నా" అంటుంది. మెదడు సన్ననాళాల జబ్బు తరచూ అలాగే మొదలవుతుంది. జ్ఞాపకం కన్నా ముందు చురుకుదనం తగ్గుతుంది, నడక నెమ్మదిస్తుంది.

బీపీ పై అంకెను 140 లోపు ఉంచినవాళ్లతో పోలిస్తే, 120 లోపుకు తేవాలని చూసినవాళ్లలో స్వల్ప మతి మందగింపు సుమారు ఐదో వంతు తక్కువగా కనిపించిందని 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం స్ప్రింట్ మైండ్ చెప్పింది. పూర్తి డిమెన్షియా విషయంలో మాత్రం అంత గట్టి తేడా తేలలేదు.

అలాగని ఒక్కసారిగా దించకూడదు. హెచ్చు ఒత్తిడికి అలవాటుపడ్డ గోడ తన కొలతలు మార్చుకుని ఉంటుంది, కొత్త లెక్కకు రావడానికి వారాలు పడుతుంది. అందుకే డాక్టరుగారు పెద్దమ్మ బీపీ మాత్ర మోతాదును కొంచెం కొంచెంగా మారుస్తున్నారు. పొద్దున లేవగానే పెద్దమ్మ మంచం పట్టె పట్టుకుని, కాళ్లు నేలకానించి, ఒక నిమిషం కూర్చుంటుంది. ఆ నిమిషంలో తలలోని షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తుంటాయి. ఆవిడ మాత్రం చెప్పుల కోసం మంచం కింద చూస్తుంటుంది.