ఒత్తని మర్దన

మర్దన అంటే మనకు తెలిసింది గట్టిగా రుద్దడమే. పసిబిడ్డకు నువ్వుల నూనె పట్టించినా, నడుము పట్టేసినవాళ్లకు మాలిష్ చేసినా చేతి బలమే ముఖ్యం అనుకుంటాం. శోషరస మర్దన ఇందుకు పూర్తిగా విరుద్ధం. లింఫ్ డ్రైనేజ్ మసాజ్ అని పిలిచే ఈ పద్ధతిలో కండ దాకా పోరు. నూనె దాదాపు వాడరు. చర్మాన్ని ఎర్రబడనంత మెత్తగా కాస్త జరిపి వదిలేస్తారు. మొదటిసారి చేయించుకునేవాళ్లకు ‘ఇదేం మర్దన?’ అనిపించడం సహజం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచి, పాత జాకెట్లలో ఒక్కటీ పట్టని స్త్రీకి మాత్రం దీని విలువ వెంటనే తెలుస్తుంది.

రక్తనాళాల నుంచి ఒంట్లోకి ఊరిన నీటిలో కొంత భాగాన్ని, దానితోపాటు ప్రొటీన్లను, శోషరస నాళాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. శోషరసం అనే ఈ ద్రవాన్ని నడపడానికి గుండెలాంటి పంపు లేదు. ఆ నాళాలు తమంతట తామే ముడుచుకుంటూ నడిపిస్తాయి. కండరాల కదలిక, ఊపిరి తోడ్పడతాయి. దారిలో చంకల్లో, గజ్జల్లో, మెడలో ఉండే బిళ్ళలు ఆ ద్రవాన్ని వడకడతాయి. చివరికి అది మెడ మొదట్లో, కాలర్ బోన్ వెనక, పెద్ద సిరల్లో కలుస్తుంది. క్యాన్సర్ కోసం చంకలోని బిళ్ళలు తీసేసినా, రేడియేషన్‌కు అక్కడ మచ్చ కట్టినా, ఆ దారి మూసుకుపోయి చేతికి నీరు పడుతుంది. ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కూడా ఇది మొదలుకావచ్చు.

డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930లలో ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణంలో పనిచేసేవారు. ఎడతెగని జలుబుతో వచ్చేవాళ్ల మెడలో బిళ్ళలు ఉబ్బి ఉండటం వాళ్లు గమనించారు. బిళ్ళల జోలికి పోకూడదన్నది ఆనాటి వైద్యుల మాట. వోడర్ దంపతులు ధైర్యం చేసి, మెత్తగా గుండ్రంగా తిప్పే పద్ధతిని రూపొందించి 1936లో పారిస్‌లో ప్రదర్శించారు. వోడర్ వైద్యుడు కాకపోవడంతో వైద్యలోకం అంత త్వరగా ఒప్పుకోలేదు. తర్వాత జర్మనీలో ఆస్డోంక్, ఫోల్డి వంటి వైద్యులు దాన్ని చికిత్సగా నిలబెట్టారు.

అసలు నేర్పు వరసలో ఉంది. వాచింది మోచేయి కింద అయినా మర్దన మొదలయ్యేది మెడ దగ్గర. డెల్టాలో మురుగు కాలువకు దిగువన పూడిక తీయకుండా ఎగువ చేలో నీళ్లు తోడితే ఏం లాభం? అందుకే ముందు కాలర్ బోన్ పైన ఉన్న గుంటలో వేళ్లు ఆనించి నెమ్మదిగా తిప్పుతారు. రోగి చేత పొట్ట నిండా ఊపిరి తీయిస్తారు. తర్వాత బాగున్న వైపు చంక. ఆ పైన ఛాతీ మీదుగా, వీపు మీదుగా వాపు ఉన్న వైపు నుంచి బాగున్న చంకకూ, అదే వైపు గజ్జకూ చర్మాన్ని జరుపుతూ నీటికి కొత్త దారి చూపిస్తారు. ఆ తర్వాతే భుజం, మోచేయి, ముంజేయి, చివర వేళ్లు. అరచెయ్యి పూర్తిగా ఆనించి చర్మాన్ని ఒకవైపు సాగదీసి, పట్టు వదిలి, దానంతట అది వెనక్కి రానిస్తారు. ఒక్కో చోట ఇలా అయిదారుసార్లు. సన్నని శోషరస నాళాల గోడలు నూలుపోగుల్లాంటి తంతువులతో చుట్టూ ఉన్న కణజాలానికి కట్టి ఉంటాయి. చర్మం సాగినప్పుడు ఆ తంతువులు గోడల్లోని సందులను తెరుస్తాయి, నీరు లోపలికి పోతుంది. గట్టిగా నొక్కితే నాళమే అణిగిపోతుంది.

మర్దన ఒక్కటే సరిపోదన్న సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. వాపు తిరిగి రాకుండా పట్టి ఉంచేది వరసలు వరసలుగా చుట్టే కట్టు, ఆ తర్వాత వేసుకునే బిగుతు తొడుగు. వాటికి తోడు వ్యాయామం, చర్మ సంరక్షణ. ఇవన్నీ మర్దనతో కలిస్తేనే చికిత్స. రొమ్ము క్యాన్సర్ తర్వాతి వాపు మీద జరిగిన అధ్యయనాలను పరిశీలించి 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడా, కట్టుకు మర్దన తోడైతే అదనపు మేలు ఉండవచ్చని, అది వాపు ముదరనివాళ్లలో ఎక్కువ కావచ్చని చెప్పింది.

బ్యూటీ పార్లర్లు దీనితో కొవ్వు కరుగుతుందని, విషాలు పోతాయని చెబుతున్నాయి. ముఖంలో నీరు కాసేపు తగ్గవచ్చు, అంతే. కొవ్వు కరగదు. చర్మం ఎర్రబడి జ్వరం వచ్చినప్పుడు, కాలి సిరలో రక్తం గడ్డ కట్టినప్పుడు, గుండె నీరసించి ఒళ్లంతా నీరు పట్టినప్పుడు ఈ మర్దన ప్రమాదం.

మన దగ్గర దీని అవసరం ఇంకా పెద్దది. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు శోషరస నాళాలను పాడుచేసి బోదకాలు తెస్తుంది. గోదావరి జిల్లాల పల్లెల్లో, కరీంనగర్ వైపు ఈ జబ్బుతో బతుకీడ్చినవాళ్లు ఎందరో. ప్రభుత్వం మింగించే మాత్రలు వ్యాప్తిని ఆపుతాయి గానీ ముదిరిన వాపును తీయవు. ఆ కాలికి కావాల్సింది రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవడం, పుండుకు మందు, కట్టు. కేరళలోని కాసరగోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ ఆయుర్వేదం, యోగా, శోషరస మర్దన, కట్టు కలిపి బోదకాళ్లకు వైద్యం చేస్తోంది. ఇంటివాళ్లకే ఆ పని నేర్పి పంపుతుంది. మన జిల్లా ఆసుపత్రుల ఫిజియోథెరపీ గదుల్లోనూ ఈ చదువు చెప్పించాలి. రొమ్ము ఆపరేషన్ చేయించుకున్న ప్రతి స్త్రీకీ డిశ్చార్జి నాడే రెండు చేతులూ టేపుతో కొలిచి, ఆ కొలతలు కాగితం మీద రాసి ఇవ్వాలి. గాజు బిగుతైనా, చెయ్యి బరువనిపించినా ఆ కాగితం పట్టుకుని వెంటనే రమ్మని చెప్పాలి.