మూర్ఛ నిపుణుని శిక్షణలో ఒక లోపం

మూడేండ్ల క్రితం పెద్దకొడప్‌గల్ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలకు విజ్ఞాన ప్రదర్శన చూడబోయినప్పుడు, ప్రార్థన వేళ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉన్నట్టుండి కొయ్యబారి కింద పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకొన్నవి. నోట నురుగు వచ్చింది. ఎవరో తాళపుచెవులు తెచ్చి గుప్పిట్లో పెట్టారు. మరొకరు ఉల్లిగడ్డ వాసన చూపారు. రెండు నిమిషాల్లో మూర్ఛ దానంతట అదే తగ్గిపోయింది. ఘనత మాత్రం తాళపుచెవులకు దక్కింది!

కబురందుకొని పరుగున వచ్చిన తండ్రి నన్నే అడిగాడు: "సార్, గిది ఫిట్సా, గాలి సోకిందా? యాడికి తీస్కపోవాలె?" నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి గనుక నాకు తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం. "పట్నం తీసుకుపొండి" అనడం తప్ప నాకు వేరే జవాబు తోచలేదు. ఆ జవాబే నన్ను చాలా కాలం బాధించింది. మూర్ఛకు మంచి వైద్యులను తయారు చేసే ఏర్పాటు మన దేశంలో ఉన్నది. దానిలో ఏమి నేర్పుతున్నారు, ఏమి నేర్పడం లేదు అని విచారించడం అందువల్లనే మొదలుపెట్టాను.

మెదడులోని నాడీకణాలు విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకొంటాయని విద్యార్థులకు తెలుసు. మామూలుగా ఏ కణం పని దానిది. లక్షలాది కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా కూడబలుక్కొన్నట్టు స్పందిస్తే, అది మూర్ఛ. జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలపై నుంచి ఈ విద్యుత్ తరంగాలను మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. నేటి ఇ.ఇ.జి. పరీక్షకు అదే పునాది.

ఇక శిక్షణ సంగతి. ఎం.బి.బి.ఎస్. తరువాత మూడేండ్లు ఎం.డి., ఆపైన మూడేండ్లు నాడీవైద్యంలో డి.ఎం. చదివిన వైద్యుడు, ఇంకా సాధారణంగా ఒక ఏడాది మూర్ఛ ఒక్కదాని మీదనే పనిచేస్తాడు. దీనినే ఫెలోషిప్ అంటారు. అమెరికాలో మూర్ఛవైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించి 2013లో దానికి వేరే పరీక్ష మొదలుపెట్టారు. మన దేశంలో ఈ శిక్షణకు పేరుపొందినది తిరువనంతపురంలోని శ్రీ చిత్రా తిరునాళ్ సంస్థ. డాక్టర్ కురుపత్ రాధాకృష్ణన్ నాయకత్వాన అక్కడ 1995లో మూర్ఛకు శస్త్రచికిత్సలు మొదలైనవి. రోగి తలకు ఇరవై పైచిలుకు తీగలు తగిలించి, రోజుల తరబడి ఒక ప్రక్క చలనచిత్రం, మరొక ప్రక్క మెదడు తరంగాలు నమోదు చేస్తారు. మూర్ఛ మెదడులో ఏ మూల పుడుతున్నదో పట్టుకొని, ఆ ముక్కను తొలగించవచ్చునా, తొలగిస్తే మాటకో జ్ఞాపకానికో చేటు వస్తుందా అని తూచి చూస్తారు. ఇది తేలిక విద్య కాదు. మందులకు లొంగని మూర్ఛతో ఏండ్లు గడిపినవారికి ఇది కొత్త జీవితం. ఈ విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే, నూరుగురు మూర్ఛరోగులలో 70 మంది వరకు సరైన మందులతోనే మూర్ఛ లేకుండా బ్రతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. బీద దేశాలలో నలుగురిలో ముగ్గురికి ఆ మందే అందడం లేదనీ ఆ సంస్థే చెబుతున్నది. ఫినోబార్బిటాల్ మూర్ఛకు పనిచేస్తుందని 1912 నుంచీ తెలుసు. అది ఖరీదైనదీ కాదు. ఏడాది శిక్షణలో బరువంతా మిగిలిన 30 మంది వైపే మొగ్గితే, ఈ 70 మంది ఎవరి పాఠం?

కర్ణాటకలోని ఎళందూరు ప్రాంతంలో డాక్టర్ కె. ఎస్. మణి, ఆయన సహచరులు ఇల్లిల్లూ తిరిగి మూర్ఛ ఉన్నవారిని గుర్తించారు. ఫినోబార్బిటాల్ గాని ఫెనిటోయిన్ గాని ఇచ్చి ఏండ్ల తరబడి కనిపెట్టి చూశారు. పల్లెలోనే, పాత మందులతోనే, మూర్ఛను అదుపు చేయవచ్చునని ఆ పని రుజువు చేసింది. ఫలితాలు 2001లో లండను 'లాన్సెట్' పత్రికలో వచ్చినవి. నిపుణుడు ఊరికి పోతే జరిగే మేలు ఇది. కాని ఊరికి పోవడం శిక్షణలో భాగం కావాలని ఎవరూ పట్టుపట్టడం లేదు.

పోనందువల్ల నష్టం రోగికే కాదు, నిపుణునికీ ఉన్నది. మూర్ఛను నిర్ణయించడంలో యంత్రం కన్న ముఖ్యమైనది చూసినవారి సాక్ష్యం. మూర్ఛ లేని వేళ తీసిన ఇ.ఇ.జి. ఎంతో మందిలో మామూలుగానే ఉంటుంది. "మొదట ఎడమ చెయ్యి ఎగిరింది, మెడ ఎడమకు తిరిగింది" అని తల్లి చెబితే, మెదడు కుడిభాగం మీద అనుమానం పడవచ్చు. "బిత్తరపోయి చూస్తది, పిలిస్తే పలకది" అన్నది మరొక రకం. పెద్దకొడప్‌గల్ వైపు ఈ సాక్ష్యం తెలుగులో వస్తుంది, మరాఠీలో వస్తుంది, కన్నడంలో, ఉర్దూలో, లంబాడీలో వస్తుంది. పెద్ద ఆసుపత్రి చేరేసరికి అది నాలుగు ఇంగ్లీషు అక్షరాల చీటీగా మారిపోతుంది. ఎడమ చెయ్యి సంగతి దారిలో ఎక్కడో రాలిపోతుంది. ఆ చీటీని మాత్రమే చదవడం నేర్చిన నిపుణుడు సగం విద్యే నేర్చినట్టు.

మరొక ఉదాహరణ నా పాఠంలోదే. బద్దెపురుగు జీవితచక్రాన్ని ఇంటర్ విద్యార్థులకు ఏటా చెబుతాను. మన దేశంలో మూర్ఛ వచ్చినవారి మెదడు చిత్రాల్లో కనిపించే చిన్న మచ్చను ఒకప్పుడు క్షయ గడ్డ అనుకొని, నెలల తరబడి క్షయ మందులు వాడేవారు. అవి చాలావరకు బద్దెపురుగు తిత్తులేనని వెల్లూరులో డాక్టర్ వేదాంతం రాజశేఖర్, ఆయన సహచరులు నిరూపించారు. ఈ పురుగు గ్రుడ్లు మలంతో కలుషితమైన నీటి ద్వారా, ఆకుకూరల ద్వారా వస్తాయి. అందుచేత పందిమాంసం ముట్టనివారికీ ఈ జబ్బు వస్తుంది. ఊరి బావినీ, దొడ్డినీ చూడని శిక్షణ ఈ మూర్ఛను నయం చేయడం నేర్పవచ్చు గాని రాకుండా ఆపడం నేర్పదు.

ఒక్క ఏడాదిలో ఇన్ని ఎలా నేర్పగలరని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందులో రెండు నెలలు జిల్లాలో గడపమని నా మనవి. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైంది గదా! అక్కడ కూర్చొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు మూర్ఛను గుర్తించడం, మందు మోతాదు నిర్ణయించడం, ఎవరిని పెద్ద ఆసుపత్రికి పంపాలో తేల్చడం నేర్పాలి. ఎందరికి నేర్పాడో కూడా అతని పరీక్షలో లెక్కకు రావాలి. బడిపంతుళ్లకూ ఒక పూట కేటాయించాలి: పిల్లను ప్రక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడడం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించడం, మొదట కదిలింది ఏ చెయ్యో గుర్తుంచుకోవడం. తాళపుచెవులు జేబులోనే ఉండవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. రెండు పూటలా మాత్ర వేసుకొంటున్నది. ఏడాదికి పైగా మూర్ఛ రాలేదట. మాత్రలు అయిపోయినప్పుడల్లా తండ్రి ఒకరోజు కూలి వదులుకొని, నాందేడు రోడ్డు మీద తెల్లవారుజామున పట్నం బస్సు ఎక్కుతున్నాడు. ప్రతిసారీ అదే మాత్ర, అదే మోతాదు రాసి పంపుతున్నారు.