ఇస్తాంబుల్ మీదుగా పురానీ హవేలీ

పోయిన సోమవారం పొద్దున ఉప్పల్ నుంచి అక్క వచ్చింది. చేతిలో చిన్న అట్టపెట్టె. మూత తీస్తే తెల్లటి చక్కెర పొడిలో పొర్లించిన మెత్తటి ముక్కలు, నడుమ పిస్తా పలుకులు.

"దీన్ని లోకుమ్ అంటరు తమ్మీ. ఇస్తాంబుల్ నుంచి తెచ్చిన, తిను" అంది.

కూతురూ అల్లుడితో కలిసి అయిదు రోజులు ఇస్తాంబుల్ చూసి వచ్చింది. ముప్పయ్యేళ్లు బళ్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. మ్యాపు మీద కర్ర పెట్టి చూపించిన ఊళ్లలో ఒక్కటైనా కాళ్లతో తొక్కాలని ఆమె చిరకాల కోరిక. అది తీరినందుకు నాకు సంతోషమే. కానీ మిఠాయి గొంతు దిగకముందే లోపల ఒక చిరాకు లేచింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టు తెలుసు. ముందు సొంతూరు, ఆ తర్వాతే పరాయి ఊరు. నాచారం పెద్ద చెరువు చూడనివాళ్లు ఊటీ చెరువుకు ఎందుకు పరిగెత్తాలని రాశాను. ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో కట్టింది మన నాచారంలోనే అని పిల్లలకు చెప్పమని రాశాను. అందుకే మన పాతబస్తీలోని నిజాంల మహలు గురించి అడిగేశాను.

"అక్కా, పురానీ హవేలీ చూసినవా?"

"లేదు తమ్మీ. పెళ్లిళ్లకు గాజులు కొననీకి లాడ్‌బజార్ పోవుడు, వచ్చుడు. అంతే."

నేను అనుకున్న జవాబే వచ్చింది. "ఆదివారం పోదాం, నేను చూపిస్త" అన్నాను. ఈ వారం కాలమ్ అప్పుడే మనసులో సగం రాసేసుకున్నాను కూడా.

ఆదివారం ఉప్పల్‌లో మెట్రో ఎక్కాం. పరేడ్ గ్రౌండ్‌లో దిగి బండి మారితే ఎంజీబీఎస్ దాకా నేరుగా వెళ్లొచ్చు. స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, అక్క తాను ఊరు చూసిన పద్ధతి చెప్పింది.

రోజుకు ఒక్క పేట, అంతకు మించొద్దు. మొదటి రోజంతా సుల్తానహ్మెత్. 537లో కట్టి ముగించిన హేగియా సోఫియా గుమ్మటం కింద మెడ నొప్పి పుట్టేదాకా తల పైకెత్తి నిలబడిందట. తొమ్మిది వందల ఏళ్లకు పైగా చర్చి, 1453లో ఉస్మానీ సుల్తాను ఊరు గెలిచాక మసీదు. ఒకే కప్పు కింద రెండు కాలాలు. ఇంకో రోజు పడవెక్కి యూరప్ గట్టు నుంచి ఆసియా గట్టుకు దాటింది. తిండికి కూడా ఒక పద్ధతి ఉంది. ఒక చోట ఒక్కటే కొనాలి, ముగ్గురూ పంచుకోవాలి. అప్పుడే ఇంకో చోట తినడానికి కడుపులో జాగా ఉంటుంది. నువ్వులద్దిన సిమిత్ ఒక బండి దగ్గర, రొట్టెలో పెట్టిన కాల్చిన చేప గలతా వంతెన దగ్గర, ఆయ్రన్ మరో చోట. ఆయ్రన్ అంటే మన ఉప్పు మజ్జిగే. వంకాయ పొట్ట చీల్చి కైమా కూరి వండే కూర తిన్నప్పుడు మాత్రం గుత్తివంకాయ గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లొచ్చాయంది.

"కైమా అన్న మాట కూడా వాళ్లదే తమ్మీ. కియ్మా అంటరు. తోప్‌కాపీ అని రాజుల కోట ఉంది. తోప్ అంటే ఫిరంగి, కాపీ అంటే దర్వాజ. వాడు పెద్ద తోపు అంటం చూడు, ఆ తోపే ఇది."

తుపాకి అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చిందని నేను కలిపాను. చిరాకు కొంత తగ్గింది.

ఎంజీబీఎస్ నుంచి ఆటోలో మూసీ దాటి పురానీ హవేలీ చేరాం. ముందు కడుపు సంగతి. 1851 నుంచి నడుస్తున్న మున్షీ నాన్ దుకాణం ఇక్కడే ఉంది. పిండిని నలుపలకలుగా చేసి తందూరు గోడకు కొడతారు. కాలిన రొట్టెను పొడుగాటి ఇనుప చువ్వతో లాగి మన ముందు పడేస్తారు. ఈ చార్ కోనా నాన్‌ను పొద్దుటి పూట నిహారీలో ముంచుకుని తినడం పాతబస్తీ అలవాటు. నేను రెండు ప్లేట్లు చెప్పబోతే అక్క ఆపింది. "ఒక్కటే. సగం సగం."

నాన్ తిని, హవేలీలోని మ్యూజియంలో ఆరో నిజాం బట్టల బీరువా పక్కన ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి బయటికొచ్చాం. ఒక బోర్డు ముందు అక్క ఆగిపోయింది. దుర్రు షెహవార్ ఆసుపత్రి.

"నేను ఈమె ఇల్లు చూసొచ్చిన తమ్మీ" అంది.

ఇస్తాంబుల్‌లోని డోల్మాబాచే మహలు చూస్తున్నప్పుడు ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ గురించి విందట. ఆయన మంచి చిత్రకారుడు. 1924 మార్చిలో తుర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసి, ఆ కుటుంబాన్ని దేశం దాటించింది. అప్పటికి ఆయన కూతురు దుర్రు షెహవార్‌కు పదేళ్లు. వాళ్లు ఫ్రాన్స్‌లోని నీస్‌లో తలదాచుకుంటే, మన ఏడో నిజాం నెలనెలా డబ్బు పంపాడు. 1931 నవంబరులో ఆ నీస్‌లోనే నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో దుర్రు షెహవార్ పెళ్లి, చిన్న కొడుకు మొజ్జం జాతో అదే వంశపు నిలోఫర్ పెళ్లి జరిగాయి. ఒకరికి పదిహేడేళ్లు, ఒకరికి పదిహేనేళ్లు. ఇల్లు పోగొట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఓడెక్కి మన ఊరికి కోడళ్లుగా వచ్చారు.

నిలోఫర్. ఆ పేరు వినగానే నేను పురానీ హవేలీలో లేను. ఏడేళ్ల పిల్లవాడినై అమ్మ భుజం మీద ఉన్నాను. నాకు తగ్గని జ్వరం. అప్పట్లో నాచారం నుంచి నిలోఫర్ దవాఖానకు పోవాలంటే రెండు బస్సులు మారాలి. అమ్మ కొంగు నా మొహం మీద కప్పి ఉంది, లైజాల్ వాసన ముక్కుకు తగులుతోంది, పక్క మంచం మీద ఎవరి పాపో సన్నగా ఏడుస్తోంది. మూడో రోజు జ్వరం దిగింది. సాయంత్రం నాన్న కార్ఖానా నుంచి నేరుగా వచ్చి, కాగితం పొట్లంలోంచి ఉస్మానియా బిస్కెట్టు తీసి చాయ్‌లో అద్ది నోట్లో పెట్టాడు. ఆ ఉప్పూ తీపీ కలిసిన రుచి నాకింకా గుర్తుంది. "అక్క పుట్టింది గూడ గీ దవాఖానలనే బిడ్డా" అని అమ్మ చెప్పింది.

యాభై ఏళ్లకు పైగా ఆ పేరు పలుకుతూనే ఉన్నాను. నిలోఫర్ పోయినం, నిలోఫర్ దగ్గర దిగినం. బస్ స్టాపుకు పేరున్నట్టే దవాఖానకూ ఒక పేరు అనుకున్నాను. అది ఇస్తాంబుల్‌లో పుట్టిన ఒక మనిషి పేరని, 1949లో తన దగ్గర పనిచేసే రఫత్ అనే ఆమె కాన్పులో చనిపోతే తట్టుకోలేక తల్లీబిడ్డలకు ఆసుపత్రి కావాలని పట్టుబట్టిందని, 1953లో అది తెరుచుకుందని నేనెన్నడూ అడిగి తెలుసుకోలేదు. ఆమెకు పిల్లలు లేరు. ఈ ఊరి పిల్లలు ఎంతమందో ఆమె పేరు కింద పుట్టారు, మా అక్క పుట్టినట్టే.

నడిచి చార్మినార్ చేరాం. నిమ్రా కేఫ్ ముందు నిలబడి ఒక్క చాయ్ తీసుకుని, సాసర్‌లో సగం ఒంపుకుని పంచుకున్నాం. 1591లో ఈ నాలుగు మినార్లు లేపిన కులీ కుతుబ్ షా వంశం కూడా ఆ పడమటి దిక్కు నుంచే వచ్చిందని అక్క గుర్తుచేసింది. మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్కుమాన్. ఆయన కొడుకు ఇబ్రహీమ్‌ను మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు కావ్యం రాసి అంకితమిచ్చాడు.

"ముప్పయ్యేండ్లు పిల్లలకు చెప్పిన తమ్మీ. ఆడి నుంచి ఈడికి ఎంత దూరమో పోయొచ్చినంకనే తెలిసింది."

ఆ మాటతో నా పట్టు సడలింది. ముందు సొంతూరు అని ఇన్నేళ్లు రాసిన నేను సొంతూరిని చూశానా? తిరిగాను, తిన్నాను, దారులన్నీ నాకు తెలుసు. కానీ రోజూ వాడే పేరు అరిగిపోతుంది, అరిగిన పేరును ఎవరూ అడగరు. అక్క దూరం వెళ్లి ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. ఆ ప్రశ్నే పురానీ హవేలీ బోర్డు ముందు ఆమెను ఆపింది. నేనొక్కణ్నే వచ్చి ఉంటే ఆ బోర్డు దాటి నాన్ వాసన పట్టుకుని నడిచేవాణ్ని.

చివరగా మక్కా మసీదుకు వెళ్లాం. నిజాంల సమాధుల వరుస దగ్గర నిలబడ్డాం. దుర్రు షెహవార్ పెద్ద కొడుకు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. తల్లి పుట్టిన ఊళ్లో కన్ను మూసిన ఆయన్ను, ఆయన కోరుకున్నట్టే హైదరాబాద్ తెచ్చి ఇక్కడ ఖననం చేశారు. అక్క కొంగు తల మీదికి లాక్కుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అందుకని నా పాత మాట ఈ వారంతో వెనక్కి తీసుకుంటున్నాను. వీలున్నవాళ్లు దూరపు ఊళ్లు చూడండి, ముందా వెనకా అని లెక్క పెట్టుకోవద్దు. వెళ్లొచ్చిన వారం లోపే, చూపు ఇంకా కొత్తగా ఉండగానే, మీ ఊళ్లో ఒక పేట నడవండి. వెళ్లే వీలు లేనివాళ్లు, వెళ్లొచ్చినవాళ్లను వెంట తీసుకుని నడవండి. రోజూ పలికే ఒక్క పేరు ఎవరిదో అడగండి. హబ్సిగూడకు ఆ పేరు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల వల్ల వచ్చిందంటారు. వచ్చే ఆదివారం అక్కా నేనూ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.